కొరియన్ ఫాంటసీ ప్రేమకథ రుచి తెలియాలంటే: ‘గోబ్లిన్’తో మొదలుపెట్టే పద్ధతి

‘గోబ్లిన్’ మొదలుపెట్టి ఇరవై నిమిషాలకే ఆపేసేవాళ్లు కొందరుంటారు. ప్రేమకథ అంటే కూర్చున్నారు. తెర మీదేమో రక్తంలో తడిసిన యుద్ధభూమి, ఎవరో రాజు, ఎవరో సేనాపతి, గుండెల్లో దిగిన కత్తి. హీరోయిన్ ఇంకా పుట్టనే లేదు. ఇంకొందరు పదహారు ఎపిసోడ్లనూ ఒక శని, ఆదివారాల్లో లాగించేసి, ‘బాగానే ఉంది కానీ అందరూ అంతలా ఎందుకు ఏడ్చారో’ అని పెదవి విరుస్తారు. ఇద్దరికీ వచ్చిన చిక్కు ఒకటే. ఈ రకం కథ మొత్తం ఒక షరతు మీద నడుస్తుంది. ఆ షరతు చెవిన పడకపోయినా, పడ్డాక మనసులో నానడానికి సమయం ఇవ్వకపోయినా, చివరికి మిగిలేది పొడవాటి కోట్లు, మంచు, పాటలు.

నమూనాగా ‘గోబ్లిన్’నే తీసుకోవడానికి కారణం, ఈ తరహాలో షరతును ఇంత తేటగా చెప్పి, దాని చుట్టూనే కథంతా అల్లిన సిరీస్‌లు తక్కువ. టీవీఎన్ అనే కేబుల్ చానెల్‌లో 2016 డిసెంబర్ 2న మొదలై 2017 జనవరి 21న ముగిసింది. రచన కిమ్ ఉన్-సుక్, దర్శకత్వం లీ ఉంగ్-బాక్. 2016లోనే ‘డిసెండెంట్స్ ఆఫ్ ద సన్’ సిరీస్ తీసిన జంట. 2017లో కొరియాలో సినిమాలకూ టీవీకీ ఇచ్చే బేక్‌సాంగ్ పురస్కారాల్లో టీవీ విభాగం అత్యున్నత బహుమతి రచయిత్రికే దక్కింది, ఉత్తమ నటుడు హీరో గాంగ్ యూ. మహా బహుమతి రచనకు దక్కిందన్న సంగతి గుర్తుంచుకుంటే ఈ సిరీస్‌లో చెవి దేనికి అప్పగించాలో తెలుస్తుంది.

ఇక్కడ మొదటి రెండు ఎపిసోడ్ల కథ దాటి మలుపులేవీ బయటపెట్టడం లేదు, కాబట్టి ధైర్యంగా చదవొచ్చు.

కూర్చునే ముందు

మీకు దొరికింది పూర్తి కూర్పేనా అని చూసుకోండి. ‘గోబ్లిన్’ 16 ఎపిసోడ్లు. ఒక్కోటి గంటకు తగ్గదు, మొదటిదైతే 80 నిమిషాలు దాటుతుంది. పావుగంట ముక్కలుగానో, రెండు గంటల ‘సినిమా’గానో కనిపిస్తే అది ఎవరో కత్తిరించి అతికించింది. అయితే అన్ని సిరీస్‌లకూ ఈ లెక్క వర్తించదు. కొరియాలో కేబీఎస్, ఎంబీసీ, ఎస్‌బీఎస్ లాంటి భూతల చానెళ్లకు (కేబుల్ లేకుండా యాంటెనాతోనే అందేవి) 2021 జులై వరకు కార్యక్రమం మధ్యలో ప్రకటనలు వేసే అనుమతి లేదు. ఆ నిబంధనను దాటుకోవడానికి 2017 నుంచి అవి గంట ఎపిసోడ్‌ను సగానికి కోసి, రెండు ఎపిసోడ్లని పేరు పెట్టి, నడుమ ప్రకటనలు నింపాయి. అందుకే 2019లో కేబీఎస్‌లో వచ్చిన ‘ఏంజెల్స్ లాస్ట్ మిషన్: లవ్’ ఒకచోట 16, ఇంకోచోట 32 ఎపిసోడ్లుగా కనిపిస్తుంది. రెండూ ఒకటే. జాబితాలో 32 చూసి బెదిరిపోనక్కర్లేదు.

తర్వాతి ఎపిసోడ్ దానంతట అదే మొదలయ్యే ఏర్పాటును ఆపేయండి. కొరియన్ సిరీస్‌లలో ఎపిసోడ్ అయిపోయిందనుకున్నాక, పేర్లు పడుతుండగానో పడ్డాకో ఒక చిన్న దృశ్యం రావడం మామూలే. అంతకుముందు చూసిన సన్నివేశంలో రెండో మనిషి ఏమనుకున్నాడో అందులో బయటపడుతుంది. యాప్ తొందరపడి ముందుకు తోసేస్తే అది పోతుంది, పోయిన సంగతి కూడా మీకు తెలియదు.

వేగం పెంచి చూడకండి. ఇది పెద్దరికం కొద్దీ ఇస్తున్న సలహా కాదు, ఈ సిరీస్ కట్టుబడి అలాంటిది. ఒక చూపును రెండు మూడు కోణాల్లో చూపిస్తారు, పాట ఎత్తుకునే ముందు రెండు మూడు సెకన్లు నిశ్శబ్దం వదులుతారు. ఒకటిన్నర రెట్ల వేగంలో ఆ నిశ్శబ్దం తెగిపోయి పాట ఊరికే వచ్చి మీద పడ్డట్టుంటుంది. అలా చూసినవాళ్లే ‘ప్రతిదానికీ పాటేనా’ అని విసుక్కుంటారు. చిరాకు పుట్టే చోట దాటవేసే మీట ఉండనే ఉంది; అది ఎక్కడ వాడొచ్చో తర్వాత చూద్దాం.

డబ్బింగా, సబ్‌టైటిల్సా? కనీసం మొదటి రెండు ఎపిసోడ్లు కొరియన్ మాటలతోనే, సబ్‌టైటిల్స్ పెట్టుకుని వినండి. ఎందుకో ‘యో’ గురించి చెప్పేటప్పుడు తెలుస్తుంది.

మొదటి ఎపిసోడ్‌ను మూడు కాలాలుగా విడదీసుకోండి

మొదటిది గొర్యో కాలం, అంటే 918 నుంచి 1392 దాకా కొరియాను ఏలిన రాజవంశం నాటి సంగతి. యుద్ధాల్లో గెలిచి వచ్చిన సేనాపతి కిమ్ షిన్‌ను చూసి అసూయపడిన కుర్ర రాజు అతన్ని చంపిస్తాడు. ఇక్కడ పట్టుకోవాల్సిన మనుషులు నలుగురు: సేనాపతి, రాజు, రాజు చెవిలో విషం పోసే నపుంసక మంత్రి, సేనాపతికి చెల్లెలూ రాజుకు భార్యా అయిన రాణి. ఒక కాగితం మీద ఈ నాలుగు వరుసలూ రాసుకుంటే సిరీస్ రెండో సగంలో మీకు మీరే దండం పెట్టుకుంటారు. ముఖాలు సరిగా కనపడనివ్వకుండా తీశారేమిటని విసుగు రావచ్చు; కావాలనే అలా తీశారు.

రెండోది 1998, మంచు పడుతున్న రాత్రి. కారు గుద్దేసి వెళ్లిపోతే రోడ్డు మీద చావుబతుకుల్లో ఉన్న గర్భిణి ఎవరైనా కాపాడమని వేడుకుంటుంది. అప్పటికే తొమ్మిది వందల ఏళ్లుగా చావు రాక బతుకుతున్న కిమ్ షిన్ ఆ మొర వింటాడు. మనుషుల చావుబతుకుల్లో తలదూర్చకూడదనుకున్నవాడు ఆ రాత్రి ఎందుకో మెత్తబడి ఆమెను బతికిస్తాడు. ఆ కడుపులోని బిడ్డే హీరోయిన్ జీ ఉన్-తాక్.

మూడోది నేటి కాలం. ఉన్-తాక్ హైస్కూల్ ఆఖరి ఏడాది చదువుతోంది, తల్లి లేదు, పిన్ని ఇంట్లో ఛీత్కారాలు తింటోంది. ఆమెకు దయ్యాలు కనిపిస్తాయి, అవి ఆమెను ‘దొక్కేబి పెళ్లికూతురు’ అని పిలుస్తుంటాయి (ఇంగ్లిష్‌లో ‘గోబ్లిన్’ అన్నది ఈ దొక్కేబినే, అంటే కిమ్ షిన్‌నే). పుట్టినరోజున సముద్రం పక్కన రాతి కట్ట మీద కూర్చుని కేకు మీది కొవ్వొత్తులు ఊదగానే కిమ్ షిన్ ప్రత్యక్షం. ఈ దృశ్యం తీసింది గాంగ్‌నుంగ్ దగ్గరి జుమున్‌జిన్ తీరంలో. ఎర్ర స్కార్ఫు చుట్టుకుని, బక్‌వీట్ అనే ధాన్యపు మొక్క పూలగుత్తి పట్టుకుని అదే కట్ట మీద ఫొటో దిగడానికి ఆ తర్వాత జనం బారులు తీరారు.

మొదటి పాతిక నిమిషాలు బరువుగా ఉంటాయి. ఉన్-తాక్ పెద్దదై తెర మీదికి వచ్చేదాకా మాత్రం ఆపకండి. ఈ సిరీస్ అసలు గొంతు అప్పుడే వినిపిస్తుంది, అది నవ్వే గొంతు.

షరతును పట్టుకోవడం

కిమ్ షిన్ దొక్కేబిగా మారినప్పుడు దేవుడి మాటగా ఒక తీర్పు వినిపిస్తుంది. దాన్ని విడదీస్తే నాలుగు ముక్కలు. అతనికి చావు లేదు, తనవాళ్లంతా పోతుంటే చూస్తూ ఉండాలి. గుండెలోని కత్తి అలాగే ఉంటుంది. దాన్ని అతని పెళ్లికూతురు మాత్రమే తీయగలదు. తీసిన రోజు అతను శూన్యంలో కలిసి విశ్రాంతి పొందుతాడు.

మొదటిసారి వినేటప్పుడు ఇది శాపవిమోచనంలా ఉంటుంది. ఇప్పుడు 1998 రాత్రిని పక్కన పెట్టి చూడండి. అతను జాలిపడి కాపాడిన బిడ్డే అతన్ని అంతం చేయగలిగిన ఒకే ఒక్క మనిషి. అతను వందల ఏళ్లుగా ఎదురుచూస్తున్నది చావు కోసం. ఆ చావు తెచ్చే మనిషితోనే ప్రేమలో పడితే బతకాలనిపిస్తుంది. బతకాలనిపించిన కొద్దీ ఆమె కావాలనిపించడం తగ్గదు, ఆమె చేతిలో ఉన్న చావంటే భయం పెరుగుతుంది. పదహారు ఎపిసోడ్ల ఇంధనం ఇంతే. మాయలు, నీలి మంటలు, తలుపు తీస్తే ఇంకో ఖండం, అతను దిగులు పడితే ఊరంతా వాన, ఇవన్నీ ఈ ఒక్క ముడి చుట్టూ కట్టిన తోరణాలు.

ఏ ఫాంటసీ ప్రేమకథ చూసినా రెండో ఎపిసోడ్ అయ్యేలోపు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇక్కడ ప్రేమిస్తే ఎవరికి ఏం పోతుంది? జవాబు ఒక్క వాక్యంలో వస్తే కథకు వెన్నెముక ఉన్నట్టు. ‘హీరోకి శక్తులున్నాయి, హీరోయిన్‌కి కష్టాలున్నాయి, అతను కాపాడతాడు’ అనే దగ్గరే ఆగిపోతే, ఏడో ఎపిసోడ్‌కల్లా ఆవలింతలు ఖాయం. శక్తి ఉన్నవాడు కాపాడటంలో వింతేముంది?

నియమాలు మధ్యలో మారుతున్నాయా అన్నదీ గమనించండి. నిజం చెప్పాలంటే ‘గోబ్లిన్’ కూడా ఈ విషయంలో పూర్తిగా నిర్దోషి కాదు. దేవుడి జోక్యం కొన్నిచోట్ల రచయిత్రికి సులువు దారిగా పనికొచ్చింది. కానీ కత్తి షరతును మాత్రం చివరిదాకా తేలిక చేయలేదు.

‘యో’ వినండి

కొరియన్‌లోనూ తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది. ఆ చివరి అక్షరాల్లోనే మర్యాద ఉంటుంది. వాక్యం ‘యో’తో ముగిస్తే ‘మీరు’ అన్నట్టు. ఆ ‘యో’ లేకుండా మొండిగా ముగిస్తే ‘నువ్వు’. ‘మ్నిదా’ వినిపిస్తే ఆఫీసు మర్యాద. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో ఇది మొత్తం ఆవిరైపోతుంది. మీరు, నువ్వు తేడా లేని భాష పాపం ఏం చేస్తుంది? తెలుగువాళ్ల చెవికి మాత్రం రెండు ఎపిసోడ్లలో అలవాటవుతుంది. ఎవరు ఎప్పుడు ‘యో’ వదిలేశారో వినిపిస్తే, ప్రేమ ఎక్కడిదాకా వచ్చిందో ఇంకెవరూ చెప్పక్కర్లేదు.

మొదటి ఎపిసోడ్ ముగింపు దీనికి మంచి సాధన. కిమ్ షిన్ ఒక తలుపు తీసి వెళితే ఉన్-తాక్ కూడా వెంటే దూరుతుంది, అవతల కెనడాలోని క్యుబెక్ నగరం. ఇంతవరకు అతని వెనక అలా ఎవరూ రాలేకపోయారు, అందుకే అతని మొహంలో ఆ కంగారు. రాళ్లు పరిచిన వీధుల్లో, ఎర్రబారిన మేపుల్ చెట్ల కింద తిరిగాక ఆ పిల్ల నిలబడి, ఏదో అంగట్లో సరుకు బేరం కుదుర్చుకున్నట్టు, నిర్ణయించుకున్నాను, మిమ్మల్ని పెళ్లి చేసుకుంటాను అని ప్రకటించి చివర్లో ‘సరాంగ్‌హేయో’ అంటుంది. ఆ పదం చివర ‘యో’ ఉంది. అంటే ‘మిమ్మల్ని ప్రేమిస్తున్నానండీ’. పరిచయం లేని పెద్దమనిషికి స్కూలు పిల్ల వినయంగా పెట్టుకున్న దరఖాస్తు అది. సబ్‌టైటిల్‌లో చదివితే సినిమా డైలాగులా ఉంటుంది, చెవితో వింటే నవ్వొస్తుంది. ఆ నవ్వు కింద ఇంకోటి ఉంది: ఎక్కడికీ పోయే దిక్కులేని పిల్ల ఒక ఇల్లు అడుగుతోంది.

పిలుపులు కూడా పట్టించుకోండి. ఆమె అతన్ని ‘ఆజొషీ’ అంటుంది. వరస లేని మధ్యవయసు మగవాళ్లను పిలిచే మాట, మన వాడుకలో ‘అంకుల్’కు దగ్గర. డబ్బింగ్‌లో అంకుల్ అని పెడితే ప్రేమకథ పాడవుతుంది, పేరు పెట్టి పిలిపిస్తే దూరం పోతుంది. అనువాదకుల తలనొప్పి ఊహించుకోవచ్చు. ధనవంతుల పిల్లాడు డక్-హ్వాకి కిమ్ షిన్ ‘సామ్‌చోన్’, అంటే బాబాయ్. అతని ఇంట్లో అద్దెకు దిగిన యమదూతేమో ‘చివరి గది బాబాయ్’. ఆ పిలుపు వినిపించిన ప్రతిసారీ ఆ ఇంట్లో చావు కూడా ఒక అద్దెదారుడే అన్న సంగతి గుర్తొస్తుంది.

పేరులోనూ ఒక చమత్కారం దాచారు. కొరియన్ పేరు ‘స్సుల్‌స్సుల్‌హాగో చల్లాన్‌హాషిన్: దొక్కేబి’. ఒంటరివాడూ, ఉజ్జ్వలంగా వెలిగేవాడూ అని అర్థం. చివరి ‘షిన్’ మామూలుగా గౌరవ వాచక ప్రత్యయం. పోస్టర్ మీద మాత్రం ఆ ఒక్క అక్షరాన్ని చైనా లిపిలో, ‘దేవుడు’ అనే అర్థం వచ్చేలా రాశారు. హీరో పేరు కూడా షిన్. మర్యాద, దేవుడు, మనిషి, మూడూ ఒకే శబ్దంలో.

‘గోబ్లిన్’ అనే మాటను మరిచిపోండి

ఇంగ్లిష్ పేరు చూసి పచ్చటి చర్మం, పొడుగు చెవుల జీవిని ఊహించుకుంటే మొదటి అడుగే తప్పు. దొక్కేబి అంటే కొరియా జానపద కథల్లో మనుషులు వాడి పారేసిన చీపురు, రోకలి లాంటి పాత వస్తువులకు, వాటికి అంటిన మనిషి రక్తానికి ప్రాణం వస్తే పుట్టేది. చేతిలో కోరింది ఇచ్చే దుడ్డుకర్ర, పెట్టుకుంటే మాయమయ్యే టోపీ, కుస్తీ పిచ్చి, బక్‌వీట్ జెల్లీ అంటే నోరూరడం దాని లక్షణాలు. మనుషులను ఏడిపిస్తుంది కానీ ఒట్టి దుష్టశక్తి కాదు. సేనాపతి దొక్కేబిగా మారడానికి ఆ కత్తి, దాని మీది రక్తం ఎందుకు కావాల్సి వచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. సముద్రం పక్కన బక్‌వీట్ పూలే ఎందుకు ఇచ్చాడో కూడా. ఆ పూల అర్థమేమిటని ఆమె అడిగితే ‘ప్రేమికులు’ అంటాడు.

లీ డాంగ్-వుక్ వేసిన పాత్రను సబ్‌టైటిల్స్ ‘గ్రిమ్ రీపర్’ అంటాయి. కొడవలి పట్టుకున్న అస్థిపంజరం కాదది. కొరియన్ మాట ‘జొసుంగ్ సాజా’, అంటే పరలోకపు దూత. అతని ప్రభువు యొమ్రా, బౌద్ధంతో పాటు భారతదేశం నుంచి చైనా మీదుగా వెళ్లిన మన యముడే. కాబట్టి ‘యమదూత’ అనుకుని చూడండి, ఇంగ్లిష్ ప్రేక్షకులకు దక్కని సుఖం మీకు దక్కుతుంది. నల్ల టోపీ పెట్టుకుంటే కనపడడు. పోయినవాళ్లను టీ గదికి తీసుకెళ్లి, ఈ జన్మ మరిచిపోయే టీ పోస్తాడు. చేతిలో పేరు, వయసు, చనిపోయే సమయం రాసిన కార్డులు. 1998లో బతకకూడని బిడ్డ బతికింది కాబట్టి ఉన్-తాక్ అతని లెక్కల్లో ‘జాబితాలో చేరని ఇతరులు’ అనే పద్దు కింద పడింది. ఆ బకాయి తీర్చాలంటే కాగితాలు సర్దాలి. చావు శాఖలో గుమాస్తా కష్టాలన్నమాట.

కూరగాయలు అమ్ముకునే ముసలమ్మగా, కొన్నిసార్లు ఎర్ర బట్టల యువతిగా కనిపించేది సామ్‌షిన్, పుట్టుకను కాపాడే దేవత. ఆమె ఎవరి వైపు నిలబడి మాట్లాడుతోందో కనిపెడుతూ ఉండండి.

ఇక తొలి మంచు. ఆ ఏడాది మొదటి మంచు పడే రోజున ప్రేమించినవాళ్ల పక్కన ఉంటే ఆ బంధం నిలుస్తుందని కొరియాలో ఒక నమ్మకం. బాల్సమ్ పూలతో గోళ్లకు పెట్టిన ఎరుపు తొలి మంచు దాకా చెరగకపోతే తొలి ప్రేమ పండుతుందనీ అంటారు. ఐలీ పాడిన పాట పేరులోనే తొలి మంచు ఉంది. సిరీస్‌లో మంచు పడిన ప్రతిసారీ, అంతకుముందు మంచు ఎప్పుడు పడిందో, అప్పుడు ఎవరు బతికారో గుర్తు తెచ్చుకోండి.

నవ్వుకునే చోట నవ్వడం

రెండో ఎపిసోడ్ చివర అప్పులవాళ్లు ఉన్-తాక్‌ను కారులో ఎత్తుకుపోతారు. చీకటి రోడ్డు, పొగమంచు, వీధి దీపాలు ఒక్కొక్కటే ఆరిపోతూ వస్తుంటే పొడవాటి కోట్లలో ఇద్దరు నెమ్మదిగా నడిచి వస్తారు: ఒకడు దొక్కేబి, ఒకడు యమదూత. ఫ్యాషన్ పరేడ్‌లా ఉందే అనిపిస్తే మీ అనుమానం సరైనదే. తర్వాత ఒకచోట ఆ ఇద్దరే, అదే ఠీవితో, అలాంటి పొగలోంచి ఉల్లికాడలు పొడుచుకొచ్చిన సంచులతో నడిచొస్తారు, సంత నుంచి ఇంటికి. తన గొప్ప దృశ్యాన్ని తానే ఎగతాళి చేసుకోగల ధైర్యం ఈ సిరీస్‌కు ఉంది. నవ్వించాక వెంటనే బరువు దించుతారు, ఆ దెబ్బ అందుకే తగులుతుంది. హాస్యం అనవసరమని దాటేసేవాళ్లకు విషాదం కూడా సగమే అందుతుంది.

రోజుకు ఎన్ని?

కొరియాలో ఇది శుక్ర, శని రాత్రుల్లో 8 గంటలకు వచ్చేది, వారానికి రెండు. రచన కూడా ఆ లెక్కతోనే సాగుతుంది: బేసి ఎపిసోడ్ చివర తర్వాతేమిటో అనిపించే చిన్న కొక్కెం, సరి ఎపిసోడ్ చివర వారమంతా లాగే పెద్దది. కాబట్టి ఒక కూర్చుంటకు రెండు, బేసితో మొదలెట్టి సరితో ఆపాలి. వారానికి మూడు కూర్చుంటలైతే మూడు వారాల లోపే అయిపోతుంది. ఒకే రోజు ఆరు చూస్తే ఏమవుతుందంటే, అతనికి తొమ్మిది వందల ఏళ్ల నిరీక్షణ, మీకు తర్వాతి ఎపిసోడ్‌కు తొమ్మిది సెకన్ల లెక్కింపు. కథలో ఉన్నదే ఎదురుచూపు. అది మీ ఒంటికి తగలకపోతే ఎలా?

ఆపిన చోట నిద్ర పట్టకపోతే ఒక ఉపాయం ఉంది. తర్వాతి ఎపిసోడ్ మొదటి పది నిమిషాలు చూసి ఆపేయండి. కొక్కెం విప్పేది సాధారణంగా అక్కడే, కొత్తది వేసేది చివర్లోనే.

చివరి వారానికి మాత్రం లెక్క మార్చండి. అసలు ప్రసారంలోనే 14వది ఆలస్యమై 2017 జనవరి 20న వచ్చింది, మర్నాడు 15, 16 రెండూ వరసగా వేశారు. అలాగే చూడండి: ఒక రాత్రి 13, 14, మర్నాడే చివరి రెండూ కలిపి.

తొమ్మిది నుంచి పన్నెండు దాకా నడక మందగిస్తుంది. ‘నీ మంచి కోసమే దూరమవుతున్నా’ తరహా సన్నివేశాలు ఒకటికి రెండుసార్లు తిరుగుతాయి. దాటవేసే మీట అక్కడ వాడుకోవచ్చు, ఒక్క మినహాయింపుతో: యూ ఇన్-నా వేసిన సన్నీ, యమదూతల సన్నివేశాలు మాత్రం వదలకండి. మొదట్లో కాలక్షేపానికి పెట్టిన రెండో జంటలా ఉంటారు. మీరు కాగితం మీద రాసుకున్న నాలుగు వరుసలను ఆ సన్నివేశాల దగ్గర మళ్లీ తీయండి.

చిరాకు పెట్టేవి

కథ మధ్యలో అందరూ ఒక్కసారిగా అదే దుకాణం శాండ్‌విచ్ తింటుంటే, కొవ్వొత్తి సీసా పేరు కెమెరాకేసి తిరిగి ఉంటే అది వస్తు ప్రచారం. కొరియా ప్రసార చట్టం 2010 నుంచి దాన్ని అనుమతించింది, బ్రాండు గుర్తు తెరలో నాలుగో వంతు దాటకూడదని హద్దు పెట్టి. నిర్మాణ ఖర్చు అందులోంచి కూడా వస్తుంది. కొన్ని చోట్ల భావోద్వేగం నడిబొడ్డున వచ్చి రసభంగం చేస్తుంది, నవ్వుకుని సాగిపోవడమే.

రెండోది అంత తేలికైనది కాదు. ఉన్-తాక్ వయసు 19 అంటారు. అది పాత కొరియన్ లెక్క: పుట్టగానే ఒక ఏడాది, ప్రతి జనవరి 1న ఇంకోటి. అధికారిక పత్రాల్లో ఆ లెక్కను 2023 జూన్ 28న పక్కనపెట్టారు. మనం వాడే లెక్కలో ఆమెకు అప్పుడే 18. స్కూల్ యూనిఫాంలో ఉన్న అమ్మాయి, ఆమె కంటే చాలా పెద్దవాడిగా కనిపించే మగవాడు. అతని అమరత్వం ఈ తేడాను కప్పిపుచ్చదు. ప్రసారమైనప్పుడు కూడా దీనిపై విమర్శలు వచ్చాయి, అవి న్యాయమైనవే. మొదటి సగంలో ఈ ఇద్దరి మధ్య ఉన్నది ప్రేమ కన్నా ఆసరా అనుకుని చూస్తే కొంత కుదుటపడుతుంది. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే బలవంతాన చూడక్కర్లేదు, ఇదే తరహాలో వేరేవి ఉన్నాయి.

ఇక కథ ముందే తెలిసిపోవడం. వీడియో సైట్లలో పాటల క్లిప్పుల మీది బొమ్మలే చివరి ఎపిసోడ్ల రహస్యం చెప్పేస్తాయి. అయిపోయేదాకా పాటలు విడిగా వెతకకండి.

తర్వాత ఏది?

మిమ్మల్ని ఏది పట్టుకుందో దాన్ని బట్టి వెళ్లండి. పాత పాపం, అది తీరాకే విముక్తి అన్న అంశం నచ్చితే ‘హోటల్ డెల్ లూనా’ (2019, 16 ఎపిసోడ్లు). దయ్యాల కోసం నడిచే హోటల్, దాని యజమానురాలిగా ఐయూ. అక్కడి షరతు ఒక చెట్టు రూపంలో కళ్లెదుటే ఉంటుంది. ఆమె మనసు కదిలితే ఆకు చిగురిస్తుంది, పువ్వు పూసి రాలితే ఆమె వెళ్లే వేళ దగ్గరపడ్డట్టు. ఇంత కంటికి కనిపించే గడియారం ఈ తరహాలో అరుదు. నవ్వులే ఎక్కువ కావాలంటే 2010 నాటి ‘మై గర్ల్‌ఫ్రెండ్ ఈజ్ ఎ గుమిహో’: తొమ్మిది తోకల నక్క మనిషిగా మారడానికి వంద రోజులు, ఆమె మణి అప్పటిదాకా హీరో ఒంట్లో. గ్రాఫిక్స్ పాతబడ్డాయి, లెక్క మాత్రం పక్కా. కాలంలో వెనక్కి వెళ్లి ఒకరిని బతికించుకునే కథ కావాలంటే ‘లవ్లీ రన్నర్’ (2024, 16 ఎపిసోడ్లు). అందులో వెనక్కి వెళ్లే అవకాశాలు లెక్కపెట్టినన్నే, అది మరిచిపోతే ఉత్కంఠ పోతుంది.

వయసు తేడా గొడవ లేకుండా అమరుడి ప్రేమ చూడాలంటే ‘మై లవ్ ఫ్రమ్ ద స్టార్’ (2013-14, ఎస్‌బీఎస్, 21 ఎపిసోడ్లు) సరైనది. 1609లో గాంగ్‌వన్ ప్రాంతపు ఆకాశంలో వింత వస్తువులు కనిపించాయని జొసాన్ రాజవంశపు చరిత్ర పత్రాల్లో నిజంగానే ఉంది. ఆ నమోదును పట్టుకుని, అలా దిగిన గ్రహాంతరవాసి 400 ఏళ్లుగా ఇక్కడే ఉండిపోయాడని అల్లారు. అతను మూడు నెలల్లో తిరిగి వెళ్లాలి. పైగా మనుషుల ఎంగిలి తగిలితే జ్వరం, అంటే ముద్దు పెట్టుకుంటే మంచాన పడతాడు. షరతు ఇంత సరదాగా మొదలై ఎక్కడ తేలుతుందో చూడండి. ప్రతి ఎపిసోడ్ చివరా ఒక చిన్న అనుబంధ దృశ్యం ఉంటుంది కాబట్టి, ఆపేసిన ఆటోప్లేను మళ్లీ పెట్టకండి.